గజాల లెక్కలో ఇంటికి చోటు లేదు: విజయవాడ పాత ఇళ్ళు ఎందుకు పోతున్నాయి

విజయవాడ సత్యనారాయణపురంలోనో గాంధీనగర్ లోపలి వీధుల్లోనో ఒక పాత ఇల్లు బేరానికి వచ్చిందంటే, చూడటానికి వచ్చినవారు అడిగేవి నాలుగే మాటలు. ఎన్ని గజాలు? ఏ ముఖం? రోడ్డు ఎన్ని అడుగులు? సంతకాలు పెట్టాల్సినవాళ్ళు ఎంతమంది? ఇంట్లో ఎన్ని గదులున్నాయో, దూలాలు టేకువో కావో, పెరట్లో బావికి నీళ్ళు ఊరుతున్నాయో లేదో ఎవరికీ అక్కర్లేదు. కొందరు లోపలికి కూడా రారు. గేటు దగ్గరే నిలబడి ప్రహరీ పొడవును అడుగులతో కొలుచుకుని వెళ్ళిపోతారు.

ఇళ్ళు పోవడానికి మనం మామూలుగా చెప్పుకునే కారణాలు రెండు. ఒకటి బిల్డర్ల ఆశ, రెండోది పిల్లలు అమెరికాలో స్థిరపడటం. రెండూ అబద్ధాలు కావు. కానీ ఆశ అన్ని ఊళ్ళలోనూ ఉంది, పిల్లలు అన్ని ఊళ్ళ నుంచీ వెళ్ళారు. వాటితోనే లెక్క తేలదు. ఒక పాత ఇంటి చుట్టూ తిరిగే కాగితాలను వరుసగా పెట్టి చూడండి: రిజిస్ట్రేషన్ విలువ, ఆస్తి పన్ను, ప్లాన్ అనుమతి, వారసుల పంపకం. ప్రతి కాగితమూ నేలనే కొలుస్తుంది. నేల మీద నిలబడి ఉన్న ఇంటికి వాటిలో విలువ ఉండదు, ఉన్నా ఏటా తరిగిపోతుంది. రిజిస్ట్రార్ కార్యాలయంలో స్థలానికి గజానికి ఇంత అని వేస్తారు, కట్టడానికి వయసును బట్టి తరుగుదల తీసేస్తారు. ఎనభై ఏళ్ళ ఇంటికి చివరకు మిగిలేది నామమాత్రం.

ఇంకా నిలిచి ఉన్న పాత ఇళ్ళను ఎవరు కాపాడుతున్నారో చూసినా ఇదే తేలుతుంది. చాలావాటిని కాపాడుతున్నది మమకారం కాదు. కోర్టులో నలుగుతున్న పంపకం దావా, లేదంటే ముందున్న సందు ఇరుకు.

ఏ ఇళ్ళ గురించి ఈ మాట

విజయవాడ 1888లో మునిసిపాలిటీ అయింది, 1981లో కార్పొరేషన్. గుంటూరు ఇంకా పాతది, 1866లోనే మునిసిపాలిటీ, కార్పొరేషన్ కావడం మాత్రం 1994లో. విజయవాడలో కొండకూ కాలువకూ మధ్య ఇరుక్కున్న వన్‌టౌన్ మొదటి పొర. బ్రాహ్మణ వీధి, ఇస్లాంపేట, కొత్తపేట, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల సందులు అందులోవి. రైలు పట్టాలు దాటితే గవర్నర్‌పేట, సూర్యారావుపేట, గాంధీనగర్, సత్యనారాయణపురం రెండో పొర. కాస్త వెడల్పు వీధులు, ఇంటింటికీ ఖాళీ జాగా. గుంటూరులో దీనికి సాటి వచ్చేవి బ్రాడీపేట, అరండల్‌పేట. గళ్ళు గీసినట్టు అడ్డంగా, నిలువుగా వేసిన లైన్లు, అడ్డరోడ్లు. అక్కడ ఉత్తరం మీద రెండు అంకెలు, మధ్య గీత రాస్తే చాలు, పోస్ట్‌మ్యాన్ వీధి మొగకు వచ్చేస్తాడు.

ఈ రెండో పొర ఇళ్ళే ఇప్పుడు వేగంగా పోతున్నాయి. వాటి కట్టుబడి ఒక పద్ధతిలో ఉంటుంది. వీధి వైపు అరుగు, ఆపైన వసారా, నడిమి హాలు, వెనుక వంటిల్లు, పెరడు, బావి, రెండు కొబ్బరి చెట్లు. డంగు సున్నంతో కట్టిన మందపాటి గోడలు. పైకప్పు మంగళూరు పెంకు గానీ, మద్రాసు మిద్దె గానీ. మద్రాసు మిద్దె అంటే టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను నిలువుగా పేర్చి, సున్నంతో బిగించి, పైన దళసరి గచ్చు కొట్టిన కప్పు. విజయవాడ మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు ఆ కప్పు కింద కూర్చున్నవారికి దాని విలువ తెలుస్తుంది. రూపాయల్లో ఆ విలువను వేసే పట్టిక మాత్రం ఏ కార్యాలయంలోనూ లేదు.

ఎత్తును రోడ్డు నిర్ణయిస్తుంది

ముంబై, చెన్నై, బెంగళూరులలో ఒక స్థలంలో ఎంత కట్టవచ్చో ఎఫ్‌ఎస్‌ఐ అనే నిష్పత్తి చెబుతుంది. వంద గజాల స్థలానికి నిష్పత్తి రెండు అయితే అన్ని అంతస్తులూ కలిపి రెండు వందల గజాలకు మించకూడదు. మన దగ్గర దారి వేరు. 2006లో హైదరాబాద్ కోసం జీవో 86 ఈ పరిమితిని తీసేసింది. ఆ పద్ధతే 2012 నాటి జీవో 168తో రాష్ట్రమంతటికీ పాకింది, 2017లో జీవో 119తో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనల్లోనూ కొనసాగింది. స్థూలంగా చెప్పాలంటే, మామూలు నివాస స్థలంలో ఎంత కట్టాలన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది. స్థలం ఎంత పెద్దది, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, నాలుగు పక్కలా ఎంత సెట్‌బ్యాక్, అంటే హద్దుకూ గోడకూ మధ్య ఖాళీ, వదిలారు. ఆ సెట్‌బ్యాక్ లోపల, అనుమతించిన ఎత్తు దాకా ఎంత నింపినా నిబంధనకు అభ్యంతరం లేదు.

దీని ఫలితం మొదట చూసినప్పుడు తట్టదు. ఎఫ్‌ఎస్‌ఐ ఉన్న ఊళ్ళో పాత ఇంటివారు స్థలం వెనుక సగంలో నాలుగంతస్తులు లేపి, ముందున్న పాత ఇంటిని అలాగే ఉంచినా హక్కు మొత్తం వాడుకున్నట్టే, ఎందుకంటే అక్కడి లెక్క మొత్తం విస్తీర్ణం మీద. మన పద్ధతిలో స్థలంలో ఏ మూల ఖాళీగా వదిలినా, ఏ భాగంలో ఒకే అంతస్తు ఉంచినా అది పోగొట్టుకున్న హక్కు కిందికే వస్తుంది. పాత ఇంటిని ఉంచుకుని కట్టే ఆలోచనను నిబంధన నిషేధించదు, నష్టంగా మారుస్తుంది. పైగా పాత ఇళ్ళలో చాలావాటి గోడ పక్కవారి గోడను ఆనుకునో, హద్దు మీదనో ఉంటుంది. కొత్త ప్లాన్‌లో సెట్‌బ్యాక్ చూపించాలంటే ఆ గోడ తీయక తప్పదు.

ఇక రోడ్డు. ముందున్న దారి నిబంధన కోరిన వెడల్పు కంటే తక్కువగా ఉంటే, దారి మధ్య గీత నుంచి కొలిచి తమ వంతు నేలను రోడ్డుకు వదిలితేనే కొత్త ప్లాన్ వస్తుంది. సత్యనారాయణపురం లాంటి చోట ఇది ఇబ్బంది కాదు, వీధులు ముందే వెడల్పు. అక్కడి పాత రైలు కట్ట తీసేసి బీఆర్‌టీఎస్ రోడ్డు వేశాక ఆ వైపు స్థలాలకు ఇంకా గిరాకీ పెరిగింది. వన్‌టౌన్ సందుల్లో పరిస్థితి తలకిందులు. ఎనభై గజాల ఇంటివారు రోడ్డుకు ముందు భాగం వదిలేస్తే మిగిలేది మెట్లకే చాలదు. అందుకని కూల్చరు, కట్టరు, పైన రేకుల గది ఒకటి వేసుకుని నెట్టుకొస్తారు. వన్‌టౌన్‌లో నేటికీ చెక్కడపు తలుపులు కనబడుతున్నాయంటే దానికి ప్రణాళికాధికారుల దయ కారణం కాదు, సందు వెడల్పు చాలకపోవడమే.

నాలుగు వందల గజాల లెక్క

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. నాలుగు వందల గజాల స్థలం, అంటే 3,600 చదరపు అడుగులు, దాదాపు 334 చదరపు మీటర్లు. మధ్యలో పెంకుటిల్లు. తండ్రి పోయారు, తల్లి ఉంది, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. ఇల్లు అద్దెకిస్తే నెలకు పదిహేను వేలు వస్తాయనుకుందాం. పైకప్పు విప్పి పెంకు మార్చాలంటే ఆ అద్దెలో కొన్నేళ్ళ సొమ్ము పోతుంది.

బిల్డరు వస్తాడు. కింద స్టిల్టు పార్కింగ్ (స్తంభాల మధ్య బండ్లకు వదిలే ఖాళీ), పైన నాలుగు అంతస్తులు, అంతస్తుకు రెండు, మొత్తం ఎనిమిది ఫ్లాట్లు అంటాడు. ఇలాంటి చిన్న అపార్ట్‌మెంట్‌ను ఇక్కడ గ్రూప్ హౌస్ అనడం అలవాటు. ఖర్చంతా అతనిది, స్థలం వీరిది, ఫ్లాట్లు చెరి సగం. స్థలానికి గిరాకీ ఉంటే వాటా అరవైకి నలభై అవుతుంది, గుడ్‌విల్ పేరుతో తిరిగి ఇవ్వనక్కర్లేని సొమ్ము కొంత చేతికి వస్తుంది, కట్టినన్నాళ్ళూ అద్దె కూడా ఇస్తారు. ఇదంతా డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ (యజమాని తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) అనే ఒకే దస్తావేజులో రిజిస్టర్ అవుతుంది. రెండేళ్ళ తర్వాత చేతిలో నాలుగు ఫ్లాట్లు. పిల్లలు నలుగురు. ఒక్కొక్కరికి ఒకటి.

ఈ బేరానికి బలం డబ్బు కంటే ఈ చివరి మాటలోనే ఉంది. పెంకుటిల్లు నలుగురికి పంచడానికి పనికి రాదు. వసారా ఒకరికి, వంటిల్లు ఒకరికి అంటే కుదరదు. 1893 నాటి పార్టిషన్ చట్టం కూడా ఇదే గుర్తించింది. సక్రమంగా పంచడానికి వీలుకాని ఆస్తిని, సగమో అంతకు మించో వాటా ఉన్నవారు కోరితే, కోర్టు అమ్మించి సొమ్ము పంచవచ్చని అందులో ఉంది. గ్రూప్ హౌస్ ఆ చిక్కును కోర్టు గడప తొక్కకుండానే తీరుస్తుంది.

వారసత్వ చట్టంలో వచ్చిన మార్పులను ఇక్కడ చెప్పుకోవాలి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా జన్మహక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే సవరణ అమల్లోకి తెచ్చింది, అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళ వరకు. 2005లో కేంద్రం దేశమంతటికీ వర్తింపజేసింది. అదే ఏడాది మరో చిన్న సెక్షన్ ఎగిరిపోయింది, దాని గురించి మాట్లాడుకునేవారు తక్కువ. హిందూ వారసత్వ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, కుటుంబం నివసించే ఇంటిని పంచమని అడిగే హక్కు కూతుళ్ళకు ఉండేది కాదు. మగ వారసులు విడిపోవాలనుకున్నప్పుడే వారి వాటా తేలేది. ఆ సెక్షన్ తీసేశాక ఇంటి పంపకాన్ని కూతురూ అడగవచ్చు. ఇది చూపించి, ఆడపిల్లల వాటా వల్లే పెద్దల ఇళ్ళు కూలిపోయాయని సణిగే పెద్దమనుషులు ఉన్నారు. అర్ధ శతాబ్దం పాటు అక్కచెల్లెళ్ళ వాటా మీద కూర్చుని కాపాడిన ఇంటిని వారసత్వ సంపద అనడానికి నాకు నోరు రాదు. పంపకం న్యాయమే. పంచుకోవడానికి కూల్చడం తప్ప మరో సులువైన దారి చట్టంలో గానీ బ్యాంకులో గానీ లేకపోవడమే సమస్య. ఒక వారసుడు మిగతావారి వాటాలు కొని ఇల్లు నిలుపుకోవాలంటే నేల ధరకు అప్పు తేవాలి. ఆ అప్పు వడ్డీని పెంకుటింటి అద్దె ఏ మూలకూ తీర్చదు.

రోడ్డు పెరిగింది, ఇల్లు మునిగింది

కాగితాల సంగతి అలా ఉంచి ఇంటి ముందుకు వద్దాం. పాత ఇంటి గుమ్మానికి ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కేవారు. పాత పొరను చెక్కకుండా, దాని మీదే మళ్ళీ మళ్ళీ తారో సిమెంటో పోస్తూ పోతే వీధి ఏటేటా పైకి లేస్తుంది. మొదట ఒక మెట్టు మాయమవుతుంది, తర్వాత రెండోది. చివరకు వీధిలో నుంచి ఇంట్లోకి దిగాల్సి వస్తుంది. వాన పడితే కాలువలో నీరు వెనక్కి తన్నుతుంది. గడప ముందు అర అడుగు సిమెంటు దిమ్మ కట్టుకుంటారు, వచ్చే ఏడాది ఇంకో వరుస ఇటుకలు పేరుస్తారు. ఇంటి తప్పేమీ లేదు, అది ఉన్నచోటే ఉంది. పక్కన కొత్తగా కట్టిన గ్రూప్ హౌస్ రోడ్డు కంటే రెండడుగులు ఎత్తులో మొదలవుతుంది కనుక దాని వాన నీరు కూడా పాత ఇంటి వైపే దారి చూసుకుంటుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాక, కింది అంతస్తులో కాపురం అంటేనే నగరానికి భయం పట్టుకుంది. నీరు రాని పేటల్లో కూడా స్టిల్టు మీద ఇల్లే సుఖమన్న మాట స్థిరపడింది.

మరమ్మతు చేయిద్దామంటే చేసేవారు లేరు. డంగు సున్నం తొక్కి, గచ్చు కొట్టి, మిద్దె పగులు పూడ్చగల మేస్త్రీలు వేళ్ళ మీద లెక్క. దొరికిన మేస్త్రి సిమెంటు పూస్తాడు. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని మళ్ళీ గాలికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూత పడితే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది, ఉప్పు పేలుతుంది, నాలుగు వానలకు పూత పెచ్చులుగా ఊడి లోపలి ఇటుకను కూడా వెంట తీసుకుపోతుంది. చూసేవారికి ఇల్లు శిథిలమైందనిపిస్తుంది. నిజానికి చెడగొట్టింది మరమ్మతే. ఆ దశలో మునిసిపల్ నోటీసు ఒకటి వస్తే కథ ముగిసినట్టే, ఎందుకంటే ప్రమాదకర భవనాన్ని తొలగించమనడానికి చట్టంలో సెక్షన్ ఉంది, దాన్ని బాగు చేసుకోవడానికి సాయపడే పథకం లేదు.

కూల్చడం కూడా ఒక క్రమంలో జరుగుతుంది. ముందు తలుపులు, కిటికీలు, వాటి ఇత్తడి గొళ్ళేలు. తర్వాత పెంకులను లెక్కపెట్టి దించుతారు. ఆ తర్వాత దూలాలు, స్తంభాలు, వాసాలు. గోడలు మాత్రమే మిగిలాక పొక్లెయిన్ వస్తుంది. పాత టేకుకు గిరాకీ ఉంది కాబట్టి చాలాచోట్ల కూల్చేవారే ఇంటివారికి ఎదురు డబ్బిస్తారు. బతికినన్నాళ్ళూ ఏ లెక్కలోనూ ధర పలకని ఇల్లు కూలే రోజున పలుకుతుంది.

పన్ను, అద్దె

ఆస్తి పన్ను విషయం త్వరగా చెప్పేస్తాను. ఇదివరకు వార్షిక అద్దె విలువ మీద పన్ను వేసేవారు. పాత ఇంటికి అద్దె తక్కువ, వయసు మినహాయింపు ఉండేది, పన్నూ తక్కువే. 2020లో చట్టం మార్చి 2021-22 నుంచి ఆస్తి మూలధన విలువ మీద పన్ను తెచ్చారు. ఏటా పెంపు 15 శాతం దాటకూడదన్న పరిమితి పెట్టారు కాబట్టి దెబ్బ ఒక్కసారిగా తగలలేదు. కానీ లెక్కకు పునాది మారింది. ఇంట్లో ఉంటున్న విశ్రాంత ఉద్యోగి ఆదాయాన్ని బట్టి కాక, పేటలో గజం ధరను బట్టి పన్ను నడుస్తుంది.

అద్దెకున్నవారి సంగతి విచిత్రమైనది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద పాతకాలపు అద్దెకే స్థిరపడిన దుకాణదారులను, కాపురస్థులను ఖాళీ చేయించడం కష్టంగా ఉండేది. కానీ ఇల్లు పడగొట్టి కొత్తగా కడతామంటే అది ఖాళీ చేయించడానికి చట్టబద్ధమైన కారణమయ్యేది. అద్దె పెంచలేని యజమాని ఇంటిని బాగు చేసేవాడు కాదు. బాగు చేయని ఇల్లు పాడవుతుంది, పాడైన ఇల్లు కూల్చివేతకు అర్హమవుతుంది. అద్దెదారుకు రక్షణగా పెట్టిన చట్టం ఇంటికి మాత్రం రక్షణ కాలేదు. గవర్నర్‌పేట వ్యాపార వీధుల్లో ఈ మలుపు చాలాసార్లు తిరిగింది. సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో దీనికి ఆసుపత్రులు తోడయ్యాయి. ఒక డాక్టరు ఇల్లు నర్సింగ్ హోమ్ అయితే పక్కిల్లు ల్యాబు అవుతుంది, ఎదురిల్లు మందుల షాపు, మిగిలిన ఇంటివారికి గేటు ముందు స్కూటర్లు తప్ప దారి కనబడదు.

అగ్రిమెంటులో చూడాల్సినవి

స్థలం ఇచ్చేవారు ఎక్కువగా మోసపోయేది వాటా దగ్గర కాదు, తమకు రక్షణ ఉందనుకునే చోట. రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం, ఉంది కదా అంటారు. 2016 నాటి ఆ చట్టంలో స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఉంది. 500 చదరపు మీటర్లంటే సుమారు 598 గజాలు. మన ఉదాహరణలోని 334 చదరపు మీటర్ల స్థలం, ఎనిమిది ఫ్లాట్లు రెండు లెక్కల్లోనూ ఆ మినహాయింపులోకే వస్తాయి. పాత పేటల్లో స్థలాలు చాలావరకు ఇంతలోపే. అంటే పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాటు కొన్న ఉద్యోగికి దొరికే ప్రాజెక్టు ఖాతా నియమం, గడువు తేదీ, వెబ్‌సైటులో వివరాలు ఇవేవీ తాతల ఇంటిని అప్పగించిన ముసలావిడకు దొరకవు. ఆవిడకు మిగిలేది అగ్రిమెంటులోని మాటలే. ఇంకొక ఆసరా ఉంది. ఇలాంటి ఒప్పందంలో స్థలం యజమాని కూడా వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి వెళ్ళవచ్చు అని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది.

రెండోది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ప్లాన్ ప్రకారమే కట్టారు, కాపురం ఉండవచ్చు అని ఇచ్చే పత్రం. ప్లాన్ ఇచ్చేటప్పుడు కట్టబోయే విస్తీర్ణంలో పది శాతాన్ని కార్పొరేషన్ పేర తనఖా పెట్టించుకుంటారు. ప్లాన్ ప్రకారం కట్టి ఆ సర్టిఫికెట్ తీసుకుంటేనే తనఖా విడుదల. ఆ పది శాతంలోకి వచ్చే ఫ్లాటు ఎవరి వాటాలోదో అగ్రిమెంటులో రాసుకోవాలి. రాయకపోతే అది యజమాని వాటాలోకే వచ్చి కూర్చుంటుంది. స్టిల్టులో ఒక గది మూసి వాచ్‌మన్‌కు ఇచ్చారనుకోండి, సెట్‌బ్యాక్‌లోకి బాల్కనీ జరిగిందనుకోండి, పైన ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ లేచిందనుకోండి, సర్టిఫికెట్ ఆగుతుంది. ఇదివరకు దీనికి అందరి దగ్గరా ఒకే మందు ఉండేది: బీపీఎస్ వస్తుందిలే. 2007లో, 2015లో, 2019లో అక్రమ కట్టడాలను అపరాధ రుసుముతో క్రమబద్ధం చేసే పథకాలు నిజంగానే వచ్చాయి కూడా. వస్తుందని ముందే తెలిసిన క్షమాపణ నిబంధనను ఏం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. అయితే 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ఆ సర్టిఫికెట్ లేని భవనాలకు కరెంటు, నీటి కనెక్షన్లు, బ్యాంకు అప్పులు ఇవ్వకూడదని దేశమంతటికీ వర్తించేలా ఆదేశించింది. పాత ధీమా ఇక అంత క్షేమం కాదు.

మూడోది పన్ను. 2017 ఆర్థిక చట్టం దయవల్ల, రిజిస్టరైన డెవలప్‌మెంట్ ఒప్పందంలో వ్యక్తులకు మూలధన లాభాల పన్ను స్థలం అప్పగించిన ఏడాది కాక, పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చిన ఏడాది పడుతుంది. అప్పటిదాకా చేతికి ఫ్లాటే రాలేదు కాబట్టి ఇది సబబే. కాకపోతే సర్టిఫికెట్ రాకముందే తమ వాటాను అమ్మేసిన యజమానికి ఈ వెసులుబాటు పోతుంది, అమ్మిన ఏడాదే పన్ను పడుతుంది. కూతురి పెళ్ళికని మధ్యలో ఒక ఫ్లాటు అమ్ముకునేవారు ముందుగా ఆడిటర్‌ను కలవాలి.

చివరిది నేల. నాలుగు వందల గజాలు ఎనిమిది ఫ్లాట్లకు విడిపోతే ఒక్కో ఫ్లాటుకు యాభై గజాల అవిభక్త వాటా. గోడకు గీత గీసి ఇది నాది అని చూపించలేని యాభై గజాలు. ఇవాళ ఈ ఇల్లు కూలడానికి తల్లితో కలిపి అయిదు సంతకాలు చాలాయి. నలభై ఏళ్ళ తర్వాత ఆ గ్రూప్ హౌస్ శిథిలమైతే ఎనిమిది కుటుంబాలు, వారి వారసులు కలిసి రావాలి. 1980ల్లో కట్టిన మొదటి తరం అపార్ట్‌మెంట్లు లబ్బీపేట, మొగల్రాజపురం వైపు అప్పుడే ఆ వయసుకు వచ్చాయి, స్లాబు ఇనుము తుప్పు పట్టి బయటికి తేలుతోంది. సున్నం ఇంటికి మేస్త్రి దొరకలేదన్నవారికి ఇప్పుడు సంఘం సమావేశానికి కోరం దొరకడం లేదు.

కాపాడే చట్టం ఉన్నదెక్కడ

మొగల్రాజపురం గుహలు, అక్కన్న మాదన్న గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 2010 సవరణ ప్రకారం ఇలాంటి రక్షిత కట్టడాల హద్దు నుంచి వంద మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో రెండు వందల మీటర్ల దాకా అనుమతితోనే. నిబంధన రాతి గుహ చుట్టూ గీత గీసింది కాబట్టి ఆ గీత లోపల పడిన ఇంటివారికి కొత్తగా కట్టే దారి మూసుకుపోయింది, పరిహారం మాత్రం లేదు. వారిని కదిలించి చూడండి, వారసత్వ పరిరక్షణ అనే మాట మీద వారికి ఎంత గౌరవం ఉందో తెలుస్తుంది. 1887లో కట్టిన విక్టోరియా జూబిలీ మ్యూజియం, ఇప్పటి బాపూ మ్యూజియం, ప్రభుత్వానిది కనుక నిలిచింది. 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా చూపించిన కాంగ్రెస్ సమావేశాల జ్ఞాపకం దానికి కవచం. మామూలు గుమాస్తాలు, ప్లీడర్లు, రైల్వే ఉద్యోగులు ఉన్న ఇళ్ళకు అలాంటి కవచం ఎక్కడిది?

నిబంధనల్లో ఒక కిటికీ ఉంది. అది టీడీఆర్, అంటే ఇక్కడ వాడుకోలేని నిర్మాణ హక్కును బాండుగా మార్చి మరొకచోట వాడుకోవడానికో అమ్ముకోవడానికో వీలిచ్చే పద్ధతి. రోడ్డు విస్తరణలో నేల పోయినవారికి ఎక్కువగా ఇదే ఇస్తున్నారు. వారసత్వ కట్టడాల యజమానులకు కూడా దీన్ని వర్తింపజేసే ఆలోచన నిబంధనల్లో ఉంది. మన నాలుగు వందల గజాల ఇంటివారు, ఇల్లు ఉంచుకుంటాం, పైన కట్టుకోని నాలుగంతస్తుల హక్కు అమ్ముకుంటాం అనగలిగితే నలుగురికీ పంచడానికి సొమ్ము వస్తుంది, ఇల్లు నిలుస్తుంది. ఇంతవరకూ నేను చెప్పిన లెక్కలన్నిటిలో ఇంటి పక్షాన నిలబడగలిగేది ఇదొక్కటే.

అది నడవాలంటే రెండు కావాలి. బాండు మీద నమ్మకం ఒకటి. 2022లో తణుకు పురపాలక సంఘంలో టీడీఆర్ బాండ్ల జారీలో అక్రమాలు బయటపడ్డాక ఆ పేరు చెబితేనే అధికారులు ఫైలు పక్కన పెట్టే పరిస్థితి వచ్చింది. రెండోది జాబితా. ఏ ఇల్లు కాపాడదగినదో ఎవరో ఒకరు వీధి వీధీ తిరిగి రాయాలి. ఇక్కడ హైదరాబాద్ అనుభవం చూడాలి. అక్కడ 1995లోనే వారసత్వ కట్టడాలకు నిబంధన తెచ్చి జాబితా వేశారు. జాబితాలో పేరున్న ఇంటివారికి వచ్చిందల్లా కట్టడి మాత్రమే, దానికి బదులు చేతికేమీ రాలేదు. మా ఇంటిని అందులోంచి తీయండి అన్న గోల మొదలైంది వారి నుంచే. 2015 డిసెంబరులో ప్రభుత్వం ఆ నిబంధననే తీసేసింది.

కాబట్టి విజయవాడలో, గుంటూరులో ఎవరైనా ఈ పనికి పూనుకుంటే క్రమం తిరగేయాలి. జాబితాలో పేరు చేర్చే కాగితం, బాండు కాగితం ఒకే రోజు ఇంటివారి చేతిలో పడాలి. ముందు నోటీసు ఇద్దాం, బాండు సంగతి తర్వాత చూద్దాం అంటే, సర్వే జరగబోతోందని పేటలో తెలిసిన వారంలోనే పెంకులు దిగడం మొదలవుతుంది.